నవ్వుతూ పొమ్మన్న ఊరు

పీటర్ దగ్గర చియాంగ్ మై పేరెత్తకూడదు. ఎత్తితే అతనికి ఒళ్ళు మండిపోతుంది. కెనడాలోని బ్రాంప్టన్‌లో ఇంతమంది తెలుగువాళ్ళున్నారు, వాళ్ళలో ఆ ఊరి మీద పగబట్టినవాడు ఇతనొక్కడే. చాలామందికి అలాంటి ఊరొకటి ఉందన్న సంగతే ఇతను తిట్టడం వల్ల తెలిసింది. థాయ్‌లాండ్‌కి ఉత్తరాన, కొండల నడుమ, చుట్టూ కందకం తవ్వుకుని కూర్చున్న పాత నగరం అది. సాయంత్రమైతే వీధులకి వీధులు తిండి బళ్ళతో నిండిపోతాయట. జనం కాలినడకన తిరుగుతూ, ఈ బండి దగ్గరొకటి ఆ బండి దగ్గరొకటి తింటూ, కడుపు నిండినా ఆగకుండా పోతుంటారట. వెళ్ళొచ్చినవాళ్ళంతా మెచ్చుకునే ఊరు. పీటర్ మాత్రం "అదో ఊరా? మర్యాద తెలియని ఊరు" అని కొట్టిపారేస్తాడు. మర్యాద గురించి తీర్పు చెప్పే హక్కు తనకి పుట్టుకతోనే వచ్చిందని అతని నమ్మకం. ఎందుకంటే అతనిది కోనసీమ.

కోనసీమవాళ్ళ మర్యాదంతా ఒక్క మాటలో ఇమిడిపోతుంది. అది "ఆయ్". ఎదుటివాళ్ళు ఏం చెప్పినా "ఆయ్" అంటారు. వింటున్నానండి అని, చిత్తమండి అని, మీరు చెప్పాక తిరుగేముందండి అని, అన్నీ అందులోనే. పీటర్ అమలాపురం నుంచి మస్కట్‌కీ, మస్కట్ నుంచి కెనడాకీ వచ్చేలోపు చాలా వదులుకున్నాడు గాని ఆ మాటని వదులుకోలేదు. దానివల్ల నష్టపోయాడు కూడా. బ్రాంప్టన్ పక్కనున్న వాన్ అనే ఊళ్ళో అతను ఫోర్క్‌లిఫ్ట్ నడిపే వేర్‌హౌస్‌లో టోనీ అని ఒక సూపర్‌వైజర్ ఉన్నాడు. పొద్దున్నే అందర్నీ నిలబెట్టి "శనివారం పనికి ఎవరొస్తారు?" అని అడుగుతాడు. మీరడిగింది విన్నానండి అన్నట్టు పీటర్ "ఆయ్" అంటాడు. ఇంగ్లీషులో దాని అర్థం "నేను" కాబట్టి టోనీ సంతోషంగా పేరు రాసుకుంటాడు. చేరిన మొదటి ఏడాదంతా పీటర్ శనివారాలు అలాగే పోయాయి. ఒకసారి టోనీ "ఈ పెట్టెలన్నీ ఎవరు పడగొట్టారు?" అని అరిచినప్పుడు కూడా అదే జవాబు చెప్పాడు. ఆ సంగతి ఇప్పుడెందుకులెండి.

నిజానికి చియాంగ్ మై పిచ్చి పీటర్‌ది కాదు, అతని భార్య ప్రేమజ్యోతిది. ఆవిడ ముసలివాళ్ళ హోమ్‌లో, కిచెన్‌లో పనిచేస్తుంది. ఉప్పు లేకుండా ఉడకబెట్టిన కేరట్లు, పళ్ళతో పని లేకుండా మెత్తగా చేసిన బంగాళాదుంపలు ప్లేట్లలో పెట్టి పెట్టి, బ్రేక్ టైములో ఫోన్ తీసి ఆ ఊరి సంతల వీడియోలు చూసుకునేది. ఎవరో ఒకరు కెమెరా పట్టుకుని నడుస్తుంటారు, వాళ్ళ వెనకే ఈవిడ కళ్ళతో నడుస్తుంది. కొన్నేళ్ళకి ఏ సందులో ఏ బండి ఉంటుందో కంఠతా వచ్చేసింది. ఇంటికొచ్చి మొగుడికి చెప్పేది.

"కొబ్బరిపాలు పోసి గుంత పునుగులు వేస్తన్నారండీ, అచ్చం మన పెనమే! పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి నిప్పుల మీద కాల్చి రోట్లో దంచుతున్నారు. మా అమ్మ దంచినట్టే. వాళ్ళు మనోళ్ళేనండీ, దారి తప్పి అక్కడికి పోయుంటారు."

"ఆయ్" అనేవాడు పీటర్, చేపముల్లు తీసుకుంటూ.

కిందటి జనవరిలో అమలాపురంలో మేనల్లుడి పెళ్ళి చూసుకుని వస్తూ, బాంకాక్ మీదుగా టికెట్లు దొరకడంతో, ఎట్టకేలకు ఆ ఊళ్ళో దిగారు. ప్రేమజ్యోతి నడవడానికని కొత్త చెప్పులు కొనుక్కుంది. ఆదివారం సాయంత్రం నడక సంత. మధ్యాహ్నం భోజనం మానేసింది, పీటర్ చేత కూడా మాన్పించింది. ఎర్ర ఇటుకల కోట గుమ్మం దగ్గర సంత మొదలవుతుంది. బైకులూ కార్లూ ఆపేసి వీధంతా మనుషులకి వదిలేశారు. బొగ్గుల పొగ, నిమ్మగడ్డి వాసన, వేగుతున్న వెల్లుల్లి వాసన. ఆవిడ గుమ్మంలో ఒక్క నిమిషం నిలబడి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది.

మొదటి బండే గుంత పునుగులది. పూలచొక్కా వేసుకున్న ఒకావిడ చేతులు జోడించి, మొహమంతా నవ్వు చేసుకుని, "సవాస్దీ జావ్" అంది.

ప్రేమజ్యోతి కూడా చేతులు జోడించింది. పీటర్ ఉలిక్కిపడ్డాడు. జ్యోతి పెనం కేసి వేలు చూపించి ఇమ్మంది. "జావ్" అంది ఆవిడ. ఎంత అని సైగ చేస్తే ఏదో చెప్పి, చివర్న మళ్ళీ "జావ్" అంది. పక్క బండి ఆవిడ కూడా ఇటు తిరిగి నవ్వి, తనవంతుగా రెండుసార్లు "జావ్ జావ్" అంది.

ఇక్కడ పీటర్ గురించి ఒక మాట చెప్పాలి. మస్కట్‌లో పనిచేసిన రోజుల్లో అతను నేర్చుకున్న హిందీలో సగం ఆ ఒక్క మాటే. ఫోర్‌మన్ "జావ్" అంటే ఎండలోకి పోవాలి. కేంపు గేటు దగ్గర వాచ్‌మన్ "జావ్" అంటే లోపలికి రానివ్వనని. ఆఫీసు గుమాస్తా తలెత్తకుండా "జావ్" అంటే కూతురు పుట్టినా ఇప్పుడు సెలవు లేదని. కూతురు జెస్లిన్‌ని అతను మొదటిసారి చూసేసరికి దానికి నడక వచ్చేసింది. కెనడా పౌరసత్వం చేతికొచ్చిన రోజున పీటర్ మనసులో అనుకున్నదొక్కటే, ఇక ఎవడూ నన్ను జావ్ అనలేడు అని. అలాంటిది డబ్బులు పెట్టుకుని, భోజనం మానుకుని వచ్చి నిలబడితే ఇక్కడ మళ్ళీ అదే మాట.

"పద జ్యోతీ, మనల్ని పొమ్మంటోంది" అన్నాడు.

"నవ్వుతోంది కదండీ."

"నవ్వుతూ పొమ్మంటోంది. అది ఇంకా పెద్ద అవమానం."

ప్రేమజ్యోతి నమ్మకేం చేస్తుంది? తన చెవులతో తనే వింది. ఆవిడకి వచ్చిన నాలుగు హిందీ ముక్కల్లో అదీ ఒకటి. అరిటాకు దొన్నె ఇంకా ఆ బండి ఆవిడ చేతిలోనే ఉంది, పీటర్ పెళ్ళాం చెయ్యి పట్టుకుని గుమ్మం బయటికి లాక్కొచ్చేశాడు. దారిలో ఆవిడ ఒకేఒక్క మాట అడిగింది. "మనల్నెందుకండీ? మనం ఏం చేశాం?"

ఆ తర్వాత ఉన్నన్ని రోజులూ హోటల్లోనే భోజనం. ఆమ్లెట్టు, ఫ్రైడ్ రైసు, మళ్ళీ ఆమ్లెట్టు. ఒకరోజు వేన్‌లో ఏనుగుల్ని చూడ్డానికి వెళ్ళారు. ఏనుగులు ఏమీ అనలేదు కాబట్టి పీటర్‌కి నచ్చాయి. వేన్ సంత పక్కనుంచి వెళ్తుంటే ప్రేమజ్యోతి అద్దానికి అటువైపు ఉన్న బళ్ళని చూసి మొహం తిప్పుకుంది.

బ్రాంప్టన్ రాగానే పీటర్ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాడు. పరాయిదేశంలో తమకి జరిగిన అవమానం, ఎదురు చెప్పకుండా తను చూపించిన ఓర్పు, దేవుడు క్షేమంగా ఇంటికి చేర్చిన తీరు అన్నీ వివరించాడు. అందరూ స్తోత్రం అన్నారు. ప్రేమజ్యోతి అనలేదు. ఇంటికెళ్ళాక ఫోన్లోంచి ఆ వీడియోలన్నీ తీసేసింది. అసలు కష్టం ఆ రోజునుంచే మొదలైంది.

ఆవిడ పోట్లాడ్డం మానేసింది.

అదేం కష్టం అనుకునేరు. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆ ఇంట్లో పోట్లాట లేని పూట లేదు. హీటర్ ఎంత పెట్టాలి, వంకాయ కూరలో ఉల్లిపాయ వెయ్యాలా వద్దా, జెస్లిన్ ఎడ్మంటన్‌లో ఉద్యోగం చెయ్యడం మంచిదా కాదా, ఏదొచ్చినా ఆవిడ కొంగు బిగించేది. ఇప్పుడు ఏమడిగినా ఒకటే జవాబు, "మీ ఇష్టం". పీటర్‌కి మొదటి వారం హాయిగా ఉంది. రెండో వారం అనుమానం వచ్చింది. నెల తిరిగేసరికి భయం పట్టుకుంది. కావాలని తడి తువ్వాలు తీసుకెళ్ళి మంచం మీద పడేశాడు. ఆవిడ తీసి ఆరేసింది. పులస అని చెప్పి ఏదో ముళ్ళ చేప కొనుక్కొచ్చాడు. ముళ్ళు తీసి వండిపెట్టింది. ఆఖరికి తెగించి, "మీ అమ్మ చేపల పులుసు నీళ్ళలా ఉండేది" అన్నాడు. ఆవిడ కంచంలోంచి తలెత్తి చూసింది. పీటర్ ఆశగా ఊపిరి బిగబట్టాడు.

"అయ్యుంటదిలెండి" అంది ఆవిడ.

ఆ రాత్రి అతను ఎడ్మంటన్‌కి ఫోన్ చేసి కూతురితో మొర పెట్టుకున్నాడు.

"డాడీ, షీ వెయిటెడ్ ఇయర్స్ ఫర్ దట్ ట్రిప్. జస్ట్ సే సారీ" అంది జెస్లిన్.

"పొమ్మన్నది వాళ్ళయితే సారీ నేనెందుకే చెప్పడం?" అని ఫోన్ పెట్టేశాడు. పెట్టేశాక ఆ ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది.

ఈ నిశ్శబ్దం వల్ల బాధపడ్డ మనిషి ఇంకొకడున్నాడు. వాళ్ళ బేస్‌మెంట్‌లో అద్దెకుండే నర్సింహ. హైదరాబాద్ కుర్రాడు, కొన్నాళ్ళు డల్లాస్‌లో ఉండి ఇక్కడికొచ్చాడు, ఏదో బేంకుకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. జూలైలో ఒక శనివారం పైకొచ్చి మెల్లిగా కదిపాడు.

"అన్నా, ఏమనుకోకు. మీ ఇంట్ల లొల్లి బందయిన కాడికెల్లి నాకు నిద్ర పడ్తలేదు. ఇదివరకు వదినె అర్సుకుంట ఉంటె మా అమ్మ ఇంట్ల ఉన్నట్టుండేది."

పీటర్ నిట్టూర్చాడు. నర్సింహ గొంతు తగ్గించాడు.

"రేపు వాన్‌ల థాయ్ వాళ్ళు సంత వెడ్తున్రంట. చియాంగ్ మై లెక్కనే, నడుసుకుంట తినుడు. వదినెను తీస్కపోదాం. అక్కడ ఖావ్ సోయ్ అని నూడుల్స్ కూర దొరుకుతదంట. పేర్లనే సోయి ఉంది. తింటె మనిషి సోయిలకొస్తది."

"ఆ ఊరి పేరెత్తొద్దని చెప్పానా? వాళ్ళు మమ్మల్ని జావ్ అన్నారయ్యా!"

"జావ్ అంటె పో అనే గదన్నా, అది నేను గూడ ఒప్పుకుంట. గని ఇది కెనడా. ఈడ ఎవడు పొమ్మంటడు?"

ఈ చివరి మాట పీటర్‌కి నచ్చింది. పైగా సంత జరిగేది తన వేర్‌హౌస్ పక్క పార్కింగ్ లాట్‌లోనే. ఆ తారు మీద పసుపు గీతలు ఎక్కడెక్కడున్నాయో తనకి తెలుసు. ఇది తన గడ్డ. తీసుకెళ్తే జ్యోతి కనీసం కోపంతోనైనా నాలుగు తిడుతుందేమో అనుకున్నాడు. చర్చి అవగానే అటు వెళ్దామా అని అడిగితే ఆవిడ "మీ ఇష్టం" అంది.

వేర్‌హౌస్‌ల మధ్య, ట్రక్కులు వెనక్కి పెట్టే చోట, కాగితం గొడుగులు వేలాడదీసి రెండు వరసలుగా గుడారాలు వేశారు. బొగ్గుల పొగ, నిమ్మగడ్డి, వేగుతున్న వెల్లుల్లి. ఆ వాసనకి పీటర్‌కే నోరూరింది. నర్సింహ అప్పుడే రెండు చేతుల్లోనూ పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం పట్టుకుని ముందుకి పోతున్నాడు. ప్రేమజ్యోతి మాత్రం హేండ్‌బేగ్ గుండెకి హత్తుకుని, తారు రోడ్డు మీద గీతలు చూసుకుంటూ నడుస్తోంది. ఒకచోట ఎవరో కాల్చిన పచ్చిమిరపకాయలు రోట్లో దంచుతున్నారు. ఆ చప్పుడికి ఆవిడ కాలు ఒక్క క్షణం ఆగింది. తల తిప్పబోయి మానేసి మళ్ళీ నడిచింది. పీటర్ అది చూశాడు. చూసి, ఎందుకు తీసుకొచ్చానురా దేవుడా అనుకున్నాడు.

తర్వాతి గుడారం గుంత పునుగులది. హాకీ టోపీ పెట్టుకుని, ఏప్రన్ కట్టుకున్న ఒకావిడ పెనం మీద మూతలు ఎత్తి చూస్తోంది. వీళ్ళని చూడగానే చేతులు జోడించి, నోరారా నవ్వి,

"సవాస్దీ జావ్!" అంది.

ప్రేమజ్యోతి టక్కున ఒక అడుగు వెనక్కి వేసింది. మొగుడి వెనక్కి. ఎవరన్నా చెయ్యెత్తితే పిల్లలు తప్పుకుంటారే, అలా. నాకు ఎదురు నిలబడి పోట్లాడే మనిషి ఇలా అయిపోయిందా అని పీటర్‌కి బాధేసింది. ఆ బాధంతా తిరిగి తిరిగి నాలిక మీదకి ఇంగ్లీషై వచ్చింది.

"మేడమ్! దిస్ ఈజ్ కెనడా!"

"అవును" అంది ఆవిడ, కొంచెం ఆశ్చర్యపడి.

"వై యూ సే జావ్? ఐ నో గో! ఐ సిటిజన్!"

"మిమ్మల్ని ఎవరు వెళ్ళమన్నారు?"

"యూ! యూ సే జావ్! ఎవ్విరిబడీ సే జావ్! మై వైఫ్ క్రయింగ్! యూ గో!"

పుల్లలతో సహా నర్సింహ పరిగెత్తుకొచ్చాడు. వరసలో ఉన్నవాళ్ళు ఫోన్లు తీశారు. ఆవిడ చేతిలో గరిటె పక్కన పెట్టి, పెనం కింద మంట తగ్గించి ఇవతలికి వచ్చింది. పేరు మాలీ. పుట్టింది చియాంగ్ మైలో. వారమంతా పళ్ళ డాక్టర్ దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది, కాబట్టి కోపంగా వచ్చే మనుషులు ఆవిడకి కొత్తేమీ కాదు. ఆవిడ ఇంగ్లీషు పీటర్ ఇంగ్లీషు కన్నా చాలా నయం. దాన్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది.

"సార్, జావ్ అంటే వెళ్ళమని కాదు. అది మా ఉత్తరాది ఆడవాళ్ళ మాట. మాటకి చివర మర్యాద కోసం పెడతాం. బాంకాక్ వాళ్ళు కూడా అలా అనరు, మేమే అంటాం. ఎవరన్నా ఏదన్నా అడిగితే అవునని చెప్పడానికీ అదే."

పీటర్ తెల్లబోయాడు. ఎవరన్నా ఏదన్నా వివరిస్తుంటే అతనికి చేతనైంది ఒకటే. తలాడిస్తూ, "ఆయ్… ఆయ్…" అన్నాడు.

మాలీ ఠక్కున ఆగిపోయింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వేళ్ళ సందుల్లోంచి నవ్వు తన్నుకొచ్చింది.

"మీకు మా భాష వచ్చా? కాని నేను ఆడదాన్ని సార్! నన్ను పట్టుకుని అన్నయ్యా అంటారేమిటి?"

"ఎవరన్నారు?"

"మీరే. ఆయ్ అంటే మా ఊళ్ళో అన్నయ్య అని. మా ఇంట్లో మా పెద్దన్నని నేను అలాగే పిలుస్తా. ఇక్కడ ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో."

"అన్నయ్య కాదు, కాదు" అన్నాడు పీటర్ చేతులూపుతూ. "అది మా కోనసీమ మాటండి. అంటే… వింటున్నానండి అని. చిత్తమండి అని. మర్యాదకి అంటాం. మా పక్క జిల్లావాళ్ళకి కూడా లేదు, మేమే అంటాం."

ఇంత చెప్పి, తను చెప్పిందే తన చెవిన పడి, ఆగిపోయాడు. పెనం మీద పునుగులు మాడుతున్న వాసన వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు.

"అయితే రెండూ ఒకటే కదా" అంది మాలీ.

అప్పుడు వెనకనుంచి ప్రేమజ్యోతి ముందుకొచ్చింది. పీటర్‌ని పక్కకి జరిపింది. జనవరి తర్వాత ఆవిడ అతన్ని జరపడం అదే మొదటిసారి. మాలీ ఎదురుగా నిలబడి, తనకొచ్చిన ఇంగ్లీషులో, తొందరపడకుండా అడిగింది. మీ ఊళ్ళో సంతలో ఒకావిడ నన్ను చూసి సవాస్దీ జావ్ అంది, అంటే ఏమిటి?

"నమస్కారమండీ అని."

"నేను పునుగులు ఇమ్మని అడిగితే జావ్ అంది."

"అలాగేనండీ, ఇస్తానండీ అని."

"పక్కనున్నావిడ ఏ సంబంధమూ లేకుండా నన్ను చూసి జావ్ జావ్ అంది."

మాలీ కాస్త ఆలోచించింది. "తినండి, తినండి, బావుంటాయి అని ఉంటుంది. పక్క బండి వాళ్ళు అలాగే అంటారు."

ప్రేమజ్యోతి కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. తుడుచుకోలేదు. "నేనా ఊరికి నచ్చలేదనుకున్నానండీ" అంది తెలుగులో, ఎవరితో అంటున్నానన్నది కూడా చూసుకోకుండా. "అంత ఇష్టపడి వెళ్తే మొహం చూసి పొమ్మన్నారనుకున్నాను. అంత చేదుగా ఉన్నానా అనుకున్నాను."

పీటర్ మస్కట్‌లో తనని తోలినవాళ్ళందరినీ తలుచుకుని కోపం తెచ్చుకుందామని చూశాడు, కుదరలేదు. ఈ ఒక్కసారి తోలింది వాళ్ళు కాదు, తనే. నీళ్ళు నమిలి నమిలి, "జ్యోతీ, నేను కావాలని…" అన్నాడు.

అంతే. ఆవిడ గిరుక్కున తిరిగింది.

"మీరు మాట్లాడకండి! ఏం మనిషండీ మీరు? ఆవిడ అండీ అంటే మీకు పో అని వినబడిందా? కోనసీమ మర్యాద, కోనసీమ మర్యాద అని ఇన్నేళ్ళూ నా బుర్ర తిన్నారే! ఎదుటోళ్ళకీ ఓ మర్యాదుంటదని తట్టలేదా? ఆవిడ మర్యాద మీకు తిట్టులా వినబడింది. మీ మర్యాద ఈవిడకి చుట్టరికంలా వినబడింది. ఎవరివండీ మంచి చెవులు? పైగా దానికో సాక్ష్యం! దేవుడు విని నవ్వుకునుంటాడు! అంతమంది చేత స్తోత్రం అనిపించారు కదా, వచ్చే ఆదివారం లేచి నిలబడి ఇది కూడా చెప్పండి!"

"చెప్తాను."

"చెప్పాలి! నాకూ బుద్ధి లేదు. చెయ్యి పట్టుకు లాగితే వచ్చేయడమేనా? నోరు తెరిచి ఒక్కమాట అడిగితే పోయేది. ఇంకా ఏవన్నారు, మా అమ్మ పులుసు నీళ్ళలా ఉంటదా? మీ అమ్మ పులుసులో చేప కోసం వల వెయ్యాలి! ఆ తడి తువ్వాళ్ళు మంచం మీద ఎందుకు పడేస్తన్నారో నాకు తెలీదనుకున్నారా? పరుపు పాడైపోయింది! అది పులసా? కెనడాలో పులసా? ఎవడికి చెప్తారండీ?"

గొంతు ట్రక్కుల గేట్లకి తగిలి మోగుతోంది. కాగితం గొడుగుల కింద జనమంతా ఇటే చూస్తున్నారు. పీటర్ నిలబడి వింటున్నాడు. అతని మొహం మీద మెల్లగా ఒక నవ్వు మొదలై చెవులదాకా పాకింది. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు.

"నవ్వుతున్నారా? సిగ్గు లేదూ?" అని ఆవిడ ఇంకో మెట్టు పైకెక్కింది.

మాలీ కంగారుపడి నర్సింహ చెవిలో అడిగింది, ఆవిడకి బాగానే ఉందా, ఎవరినైనా పిలవాలా అని.

"నో నో మేడమ్, దిస్ ఈజ్ గుడ్ న్యూస్" అన్నాడు నర్సింహ, కళ్ళు తుడుచుకుంటూ. మిరపకాయల ఘాటు వల్ల అని తర్వాత చెప్పాడు.

తిట్టి తిట్టి అలిసిపోయాక ప్రేమజ్యోతి మొహం తుడుచుకుని మాలీ దగ్గరికి వెళ్ళింది. మాడిపోయిన వాయి తీసేసి మాలీ కొత్త వాయి పోసింది. వేడి వేడి పునుగులు దొన్నెలో పెట్టి, ఈసారి కొంచెం భయంగా, పీటర్ కేసి ఒక చూపు చూసి, చిన్న గొంతుతో "జావ్" అంది. ప్రేమజ్యోతి రెండు చేతులా అందుకుంది. ఒకటి నోట్లో వేసుకుని, కాలిన నాలికతో ఊదుకుంటూ, తలూపుతూ రెండోది తీసుకుంది.

ఆ తర్వాత ఆవిడ సంత మొదటికి వెళ్ళింది. వచ్చిన దారినే వెనక్కి నడిచి, మొట్టమొదటి గుడారం దగ్గర నిలబడి, అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి గీతలు చూడలేదు. ప్రతి బండి దగ్గరా ఆగింది. ప్రతి ఆడమనిషి మొహంలోకీ చూసింది. వాళ్ళు జావ్ అన్నప్పుడల్లా, చాలాకాలానికి ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు నవ్వింది. పచ్చిమిరపకాయల పచ్చడి వేలితో తీసుకుని నాకి, "ఉప్పు చాలలేదు" అని రోలు దగ్గరావిడకి సైగలతో చెప్పి, ఆవిడ చేత మళ్ళీ ఉప్పు వేయించింది. ఖావ్ సోయ్ గిన్నె పట్టుకుని ట్రక్కుల్లోకి సరుకెక్కించే గట్టు మీద కూర్చుని, పసుపుపచ్చటి పులుసు చుక్క మిగలకుండా తాగింది. పీటర్‌కి ఒక చెంచా కూడా పెట్టలేదు. అతను సంచులు మోసుకుంటూ వెనకే తిరిగాడు. ఆకలేస్తోంది, కాని అడగడానికి మొహం చెల్లలేదు. ఆఖరికి నర్సింహ జాలిపడి ఒక పుల్ల మాంసం ఇచ్చాడు.

ఇంటికి బయల్దేరాక, వెనక సీట్లో సంచుల మధ్య నర్సింహ నిద్రపోయాడు. ఆర్నెల్ల నిద్ర బాకీ ఉంది పాపం. ప్రేమజ్యోతి ఫోన్ తీసి సుగుణకి కలిపింది. సుగుణ ఆవిడతోపాటే కిచెన్‌లో కేరట్లు ఉడకబెట్టే మనిషి.

"సుగుణా, నవంబర్‌లో వెకేషన్‌కి అప్లై చెయ్యి. ఆ, నువ్వూ నేనూ. చియాంగ్ మై వెళ్తన్నాం. ఎందుకేంటి, నడవడానికి. తింటా నడవడానికి. ఏనుగులూ గీనుగులూ ఏం లేవు, నేను చూసేశాను. మంచి చెప్పులు కొనుక్కో."

పీటర్ ఎర్రలైటు దగ్గర కారాపి ముందుకి చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ ఫోన్ పెట్టేసింది. పచ్చలైటు పడింది, వెనకవాడు హారన్ కొట్టాడు, పీటర్‌కి వినబడలేదు.

"మరి నేనో?" అన్నాడు, కారు కదిలించి.

ప్రేమజ్యోతి అద్దంలోంచి బయటికి చూసింది. వేర్‌హౌస్‌లు ఒకటి తర్వాత ఒకటి పోతున్నాయి. తర్వాతి లైటు వచ్చేదాకా ఆవిడ పలకలేదు. పలికించడం తన చేతుల్లో లేదని అర్థమై పీటర్ నోరు మూసుకున్నాడు.

"రండి" అంది చివరికి. "కాని అక్కడ నోరు నాది, చెవులు నావి. మీరు కాళ్ళు తెచ్చుకోండి చాలు."